లెవెల్ రాయి

కృష్ణకు వరద మొదలైందంటే మన పత్రికల మొదటి పేజీలో రెండు అంకెలు తప్పకుండా ఉంటాయి. శ్రీశైలం 885, సాగర్ 590. టీ కొట్టు బల్ల మీద కూర్చున్న రైతు కూడా "శ్రీశైలం ఎనిమిది వందల ఎనభై దాటిందంట, ఇక గేట్లెత్తుతారు" అని ధీమాగా చెబుతాడు. ఆ 885 అడుగులు ఎక్కడి నుంచి అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. డ్యామ్ ఎత్తు అంటారు కొందరు. పునాది అట్టడుగు నుంచి కొలిచినా శ్రీశైలం డ్యామ్ అయిదు వందల అడుగులు ఉండదు. నీటి లోతు అంటారు ఇంకొందరు. అదీ కాదు. అది సముద్ర మట్టం నుంచి లెక్క. నల్లమల కొండల నడుమ నిలిచిన నీళ్లు, ఎక్కడో దూరాన ఉన్న సముద్రం కంటే ఎంత ఎత్తున ఉన్నాయో చెప్పే అంకె.

మరి సముద్రం కనబడని చోట సముద్రం నుంచి ఎలా కొలిచారు? మనుషులు నడిచి కొలిచారు. తీరం దగ్గర ఒక రాయికి ఎత్తు కట్టి, అక్కడి నుంచి లెవెల్ మిషను భుజాన వేసుకుని, స్టాఫు అనే అంకెలు గీసిన పొడవాటి కర్ర పట్టుకుని, కొంత దూరాన ఇంకో రాయి, ఇంకొంత దూరాన మరో రాయి పాతుకుంటూ, ఆ ఎత్తును రాయి నుంచి రాయికి అప్పగిస్తూ కొండల్లోకి తీసుకెళ్లారు. ఆ రాళ్ల పేరు బెంచ్‌మార్కులు.

నీటిపారుదల పనుల్లో ఉద్యోగం చేసి రిటైరైన నాకు ఆ మాట కాలువ గట్టు మీద పరిచయం. ఇప్పుడది ఎక్కడెక్కడో వినబడుతోంది. ఇంటి అప్పు గురించి బ్యాంకు పంపే కాగితంలో ఉంది. వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. టీవీలో షేర్ మార్కెట్ వార్తల్లో ఉంది. కొత్త ఫోను కొనేముందు మా మనవడు చూసే వీడియోల్లో ఉంది. విన్న ప్రతిసారీ నాకు లాకుల గోడ మీది రాయి గుర్తొస్తుంది. ఆ రాయికీ ఈ మాటకూ మధ్య దారిలో ఏదో జారిపోయిందని, జారిపోయింది చిన్నదేమీ కాదని అనిపిస్తుంది.

ముందు మాట పుట్టుక సంగతి. బెంచి అంటే మనకు బళ్లో కూర్చునే బల్ల, లేదంటే కోర్టులో జడ్జీల బెంచి. సర్వేవాళ్ల బెంచి వేరు. ఇంగ్లండులో పాత చర్చి గోడల మీద, వంతెనల రాతి దిమ్మెల మీద ఇప్పటికీ ఒక గుర్తు కనిపిస్తుంది. ఉలితో అడ్డంగా చెక్కిన గాడి, దాని కింద పైకి చూస్తున్న బాణం ములికి. ఆ గాడిలోకి ఇనప కోణం ముక్క అంచు దూరిస్తే అది గోడ నుంచి చిన్న అరుగులాగా బయటికి నిలుస్తుంది. ఆ అరుగే బెంచి. స్టాఫును దాని మీద నిలబెట్టి లెవెల్ చదువుతారు. పనయ్యాక ఇనప ముక్క తీసుకుని వెళ్లిపోతారు, గాడి మాత్రం గోడకు మిగులుతుంది. యాభై ఏళ్ల తరవాత మరెవరో వచ్చి ఆ గాడిలోనే ఇనప ముక్క దూరిస్తే స్టాఫు అడుగు సరిగ్గా అదే ఎత్తులో ఆనుతుంది. బెంచి వేసుకోవడానికి పెట్టిన గుర్తు కాబట్టి బెంచ్‌మార్కు. 19వ శతాబ్దం మొదటి సగంలో ఈ మాట అచ్చులోకి వచ్చింది.

చెప్పులు కుట్టేవాడు బల్ల మీద కాలు పెట్టించి చుట్టూ గీత గీసేవాడనీ, ఆ గీతే బెంచ్‌మార్కు అనీ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఒక కథ చెబుతుంటారు. ముచ్చటైన కథే. కానీ రాతల్లో ఈ మాట మొదట దొరికేది సర్వేవాళ్ల దగ్గరే. నన్నడిగితే, అసలు సంగతి కథకంటే అందంగా ఉంది. చెప్పులవాడి గీత ఒక్క మనిషి పాదానికే పనికొస్తుంది. గోడ మీది గాడి ముక్కూ మొహం తెలియని మనుషులందరికీ, ఇంకా పుట్టనివాళ్లకు కూడా, ఒకే ఆధారం.

బ్రిటన్‌లో 1840 నుంచి 1860 దాకా దేశమంతా ఇలా గాళ్లు చెక్కుకుంటూ పోయారు. మొదట్లో లివర్‌పూల్ రేవులోని విక్టోరియా డాక్ దగ్గర సముద్రాన్ని సున్నాగా పట్టుకున్నారు. తరవాత ఆ సున్నా సరిపోలేదని, కార్న్‌వాల్‌లోని న్యూలిన్ అనే చిన్న రేవులో 1915 నుంచి 1921 దాకా పోటుపాట్లు కొలిచి కొత్త సున్నా కట్టారు. సముద్రం ఒక్క గంట కూడా ఒక్క చోట నిలవదు కదా. పోటూ పాటూ, అమావాస్యా పున్నమీ, గాలీ తుఫానూ అన్నీ కలిపి ఏళ్ల తరబడి కొలిచి సగటు తీస్తే దొరికేదే సముద్ర మట్టం. నిలకడ లేని దాని నుంచి నిలకడైన అంకెను రాబట్టి రాతికి అప్పగించడం మనిషి చేసిన గొప్ప పనుల్లో ఒకటని నేను నిజంగా నమ్ముతాను.

మన దేశంలో ఈ లెవలింగు 1858లో మొదలైంది. 1909కల్లా తొమ్మిది రేవుల్లో కొలిచిన సముద్ర మట్టాలను ఆధారంగా చేసుకుని దేశమంతటి బెంచ్‌మార్కులకూ లెక్క సరిచేశారు. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశా తీరంలో ఫాల్స్ పాయింట్. ఆ తొమ్మిదింట్లో మన విశాఖ ఒకటని చెబితే విశాఖలో పుట్టి పెరిగినవాళ్లే ఆశ్చర్యపోతారు. రైల్వే స్టేషన్లో పసుపు పచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో సముద్ర మట్టానికి ఇన్ని మీటర్లు అని రాసి ఉంటుంది చూడండి, విజయవాడలో ఇరవైకి అటూ ఇటూ, సికింద్రాబాదులో అయిదు వందల పైచిలుకు. ఆ అంకె కూడా ఈ రాళ్ల వెంట నడిచొచ్చిందే.

ఆ నడక ఎలా ఉంటుందో చెప్పకపోతే ఈ మాట బరువు తెలియదు. కాలువ మీద లెవెల్స్ వేయాలంటే ముందు తెలిసిన బెంచ్‌మార్కు ఒకటి కావాలి. గోదావరి డెల్టాలో అవి ఎక్కువగా లాకుల గోడల మీద, వంతెనల పిట్టగోడల మీద ఉంటాయి. నల్లరాతి మీద చెక్కిన బాణం, పక్కన బి.ఎం. అని రెండక్షరాలు, కింద అంకె. దాని మీద ఖలాసీ స్టాఫు నిలబెడతాడు. కాస్త దూరంలో ముక్కాలి మీద మిషను పెట్టి, మరలు తిప్పి, గాజు గొట్టంలోని బుడగను నడిమికి తెచ్చి, దుర్భిణిలోంచి స్టాఫు మీది అంకె చదవాలి. పాత డంపీ లెవెల్లో బొమ్మ తలకిందులుగా కనబడేది. మనిషి తల కిందికీ కాళ్లు పైకీ, అంకెలు కూడా బోర్లా. కొన్నాళ్లకు అలా చదవడమే అలవాటైపోతుంది. ఖలాసీ స్టాఫును నిటారుగా పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతుంటే అంకె పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అన్నింటికంటే తక్కువ కనబడ్డ అంకే సరైనది, ఎందుకంటే కర్ర నిట్టనిలువుగా ఉన్నప్పుడే అది కనబడుతుంది. అది బ్యాక్ సైట్. తరవాత ఖలాసీ ముందుకు నడిచి ఇంకో చోట స్టాఫు పెడతాడు, అది ఫోర్ సైట్. ఆ చోటు కదలకుండా గుర్తు పెట్టుకుని మిషను ఎత్తి ముందుకు వెళతాం. ఇలా కిలోమీటర్ల కొద్దీ.

పని ఎక్కడ ముగుస్తుందన్నది ముఖ్యం. చివరి అంకె రాసుకుని ఇంటికి పోవడానికి లేదు. బయల్దేరిన బెంచ్‌మార్కుకే తిరిగి రావాలి, లేదా ఎత్తు తెలిసిన ఇంకో బెంచ్‌మార్కు దాకా వెళ్లి తీరాలి. దీన్ని క్లోజ్ చేయడం అంటాం. రాయి మీద చెక్కిన అంకెకూ, మనం మోసుకొచ్చిన అంకెకూ ఎంత తేడా వచ్చిందో చూస్తాం. తేడా రాకుండా ఎప్పుడూ ఉండదు. నడిచిన కిలోమీటర్ల వర్గమూలాన్ని బట్టి ఎంత తేడా ఒప్పుకోవచ్చో లెక్కుంది. జాగ్రత్తగా చేసే పనిలో నాలుగు కిలోమీటర్లకు ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. అంటే రెండు వేళ్ల మందం లేదు. అంతకు మించితే ఆ రోజు చదివినదంతా కొట్టేసి మళ్లీ మొదలు. లెవెల్ బుక్కులో కూడికలూ తీసివేతలూ సరిచూసుకోవడానికి వేరే పద్ధతి ఉంది, కానీ అది లెక్క తప్పును మాత్రమే పట్టిస్తుంది. చేలో జరిగిన తప్పును పట్టించేది బెంచ్‌మార్కు ఒక్కటే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పశ్చిమ డెల్టాలో ఒక కాలువ మీద లెవెల్స్ వేస్తున్నాం. స్టాఫు పట్టే ఖలాసీ వయసులో పెద్దాయన, మేమంతా తాతా అనే పిలిచేవాళ్లం. ఒక లాకుల దగ్గర బయల్దేరి, దిగువన ఉన్న వంతెన బెంచ్‌మార్కు మీద క్లోజ్ చేస్తే పావు అడుగు తేడా వచ్చింది. మర్నాడు వంతెన నుంచి లాకులకు తిరుగు దారిలో మళ్లీ చదివాం. మళ్లీ అంతే తేడా. రెండు దారుల్లోనూ ఒకే తేడా వచ్చిందంటే నడకలో తప్పు లేదు, రెండు రాళ్లలో ఒకటి తప్పు చెబుతోంది. ఏదని తలపట్టుకున్నాం. తాత వంతెన దగ్గరికెళ్లి, పిట్టగోడ పక్కన గొంతుక్కూర్చుని, బెంచ్‌మార్కు రాయి కింద అతుకును గోటితో గీకి చూశాడు. "ఇది పాత రాయేనండి బాబుగారూ, కానీ కింద సున్నం గచ్చుండాలండి. ఇదేంటండి, సిమెంటుంది" అన్నాడు. వాకబు చేస్తే సంగతి తెలిసింది. ఏదో లోడు లారీ తగిలి పిట్టగోడ కూలితే, బాగుచేసినవాళ్లు పాత రాళ్లనే ఏరి మళ్లీ పేర్చారు. బాణం గుర్తున్న రాయిని కూడా చక్కగా పైకే కనబడేలా పెట్టారు. గౌరవంగానే పెట్టారు. కాకపోతే పాతదానికంటే పావు అడుగు ఎత్తులో. చెక్కిన అంకె మారలేదు, రాయి మారిపోయింది. ఇంకో దిక్కునున్న బెంచ్‌మార్కు నుంచి లెవెల్ మోసుకొచ్చి లాకుల రాయి సరైనదేనని తేల్చుకున్నాకే పని ముందుకు సాగింది.

పావు అడుగుకు ఇంత రభసా అని మీకనిపించవచ్చు. డెల్టాలో నేల వాలు మైలుకు అడుగు లెక్కన ఉంటుంది. కాలువ అడుగుకు ఇచ్చే వాలు ఇంకా తక్కువ. అక్కడ తూము గడప పావు అడుగు పైకో కిందికో కడితే ఒక ఊరి చేలకు నీళ్లు ఎక్కువ పారతాయి, శివారు భూములకు అసలు అందవు. ఆ శివారు రైతు ఇరవై ఏళ్లపాటు ఎగువవాళ్లతో గొడవపడతాడు, నీళ్లు వదిలే లస్కర్‌ను తిడతాడు, పిటిషన్లు పెడతాడు. తప్పంతా ఎక్కడో ఒక వంతెన మీద లారీ గుద్దిన రాయిలో ఉందని అతనికి ఏనాటికీ తెలియదు.

ఇంతకంటే పెద్ద సంగతులు కూడా ఈ రాళ్ల మీదే నిలబడి ఉన్నాయి. కొల్లేరు మనుషులను అడగండి, ఐదో కాంటూరు అంటే ఏమిటో చెబుతారు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించినప్పుడు సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీతను హద్దుగా పెట్టారు. ఆ గీత నేల మీద కనబడదు. కంచె లేదు, కాలువ లేదు. బెంచ్‌మార్కు నుంచి లెవెల్ మోసుకొచ్చి, ఇదిగో ఇక్కడ అయిదు అడుగులు అని ఇంజినీరు చెబితేనే అది ఉంది. 2006లో ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. మూడో కాంటూరుకు తగ్గించాలని అడిగేవాళ్లు ఇప్పటికీ అడుగుతున్నారు. సరస్సు బతకాలనేవాళ్ల మాటలో న్యాయం ఉంది, చెరువుతో బతికినవాళ్ల గోడులోనూ న్యాయం ఉంది. ఇద్దరూ వాదించుకునేది మాత్రం ఒకే రాతి మీద నిలబడి. పోలవరం ముంపు ఊళ్లలో 41.15 అన్న అంకె చిన్న పిల్లలకు కూడా తెలుసు. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే నూట యాభై అడుగులు. మొదటి దశ పునరావాసానికి 41.15 మీటర్ల గీత పెట్టారు, నూట ముప్పై అయిదు అడుగులు. మా ఇల్లు గీతకు పైన ఉందా కింద ఉందా అని గిరిజన గూడేల్లో అడుగుతారు. వరద వచ్చి గడప దాకా నీళ్లొచ్చిన ప్రతిసారీ ఆ ప్రశ్న మళ్లీ లేస్తుంది. పరిహారం ఈ ఏడా, ఎప్పటికో అన్నది ఆ జవాబును బట్టి ఉంటుంది కాబట్టి, అడిగే ప్రతి మనిషికీ ఆ లెవెల్ ఎక్కడి నుంచి మోసుకొచ్చారో తెలుసుకునే హక్కుందని నా అభిప్రాయం. ఎక్కడి నుంచి అన్నది చెప్పకుండా ఎంత అన్నది ఒక్కటే చెబితే అది కొలత అనిపించుకోదు.

ఇప్పుడు ఆ మాట వలస పోయిన సంగతి. 19వ శతాబ్దం చివరికే ఇంగ్లీషులో బెంచ్‌మార్కు అంటే దేన్నయినా పోల్చి చూసుకునే ప్రమాణం అనే అర్థం వచ్చేసింది. అంతవరకు ఇబ్బంది లేదు. ఒక స్థిరమైన చోటు నుంచి చూస్తున్నాం అన్న భావం ఇంకా అందులో ఉంది. షేర్ మార్కెట్ సెన్సెక్స్‌కు 1978-79ని మూలంగా పెట్టి దాన్ని వంద అనుకున్నారు. ఇది మాకు బాగా తెలిసిన పద్ధతే. సముద్రంతో కలిసిన బెంచ్‌మార్కు దగ్గర్లో దొరకని చిన్న పనుల్లో మేం కూడా ఊరి బడి అరుగు మూలనో, రామాలయం మెట్టునో పట్టుకుని దాన్ని 100.000 అనుకునేవాళ్లం. తాత్కాలిక బెంచ్‌మార్కు, నోటి మాటగా టీబీఎం. వంద అన్నది ఊహే అయినా, ఆ ఊళ్లో పని సాగినన్నాళ్లూ అందరూ ఆ మెట్టునే పట్టుకుంటే ఒక్క తూమూ తప్పుగా రాదు.

మలుపు తిరిగింది వ్యాపారంలో. 1970ల చివర జపాను కంపెనీలు అమెరికాలో ఫోటోకాపీ మిషన్లు అమ్ముతున్న ధర, జెరాక్స్ కంపెనీకి వాటిని తయారు చేయడానికయ్యే ఖర్చంత ఉండేది. 1979లో జెరాక్స్ వాళ్లు పోటీదారుల మిషన్లు విప్పి, భాగం భాగం పోల్చి చూడటం మొదలుపెట్టారు. తరవాత గోదాము పనిలో తమకంటే మెరుగ్గా ఉన్న, తమ వ్యాపారమే కాని ఎల్.ఎల్. బీన్ అనే బట్టల కంపెనీ దగ్గరికి కూడా వెళ్లి నేర్చుకున్నారు. ఆ పనికి బెంచ్‌మార్కింగ్ అని పేరు పెట్టారు. ఆ పని చూసిన రాబర్ట్ క్యాంప్ 1989లో దాని మీద పుస్తకం రాశాక ఆ మాట ప్రపంచమంతా పాకింది. మంచి పనే, ఆ కంపెనీ దానివల్ల కోలుకుంది కూడా. కానీ మాట లోపల ఏం జరిగిందో చూడండి. అప్పటిదాకా బెంచ్‌మార్కు నిలబడి కొలుచుకునే చోటు. ఇప్పుడది అందరికంటే ముందున్నవాడి ఎత్తు, ఎగిరి అందుకోవలసిన కొమ్మ. సర్వేలో ఎవడూ బెంచ్‌మార్కును దాటాలని చూడడు. దానికంటే పైనున్నవాడు గొప్పా కాదు, కిందున్నవాడు తక్కువా కాదు. కొల్లేరు లంక లోతట్టున ఉందని ఏ రాయీ దాన్ని చిన్నబుచ్చలేదు.

కంప్యూటర్ల వాళ్లు ఆ మాటను ఇంకా ముందుకు తీసుకుపోయారు. ఏ మిషను ఎంత వేగమో తేల్చడానికి అన్నింటి చేతా ఒకే లెక్క చేయించి చూడటం వాళ్ల బెంచ్‌మార్కు. 1993 నుంచి ఏడాదికి రెండుసార్లు ప్రపంచంలోని అయిదు వందల పెద్ద కంప్యూటర్ల వరస ప్రకటిస్తున్నది కూడా లిన్‌ప్యాక్ అనే అలాంటి లెక్కతోనే. పద్ధతి న్యాయమైనదే. చిక్కు ఎక్కడంటే, పరీక్ష ఏమిటో ముందే తెలిశాక తయారీదార్లు పరీక్ష కోసమే మిషను తయారు చేయడం మొదలుపెడతారు. 2013 ప్రాంతంలో కొన్ని ఫోన్లు, తమ మీద వేగం పరీక్ష నడుస్తోందని పసిగట్టి అప్పటికి మాత్రం పూర్తి వేగంతో పనిచేసేవని బయటపడింది. ఈనాటి కృత్రిమ మేధ మోడళ్లకూ ఇలాంటి పరీక్షలే. తెలుగు కూడా ఆ పరీక్షల్లో ఉంది. 2020లో గూగుల్ పరిశోధకులు తయారు చేసిన టైడి క్యూఏలో పదకొండు భాషల ప్రశ్నలుంటే వాటిలో తెలుగు ఒకటి, అవి అనువాదాలు కావు, తెలుగువాళ్లు తెలుగులోనే అడిగినవి. అందుకు సంతోషం. కానీ అలాంటి ప్రశ్నలూ జవాబులూ మోడల్ చదివిన రాతల్లో ముందే కలిసిపోతే వచ్చిన మార్కుకు అర్థం ఉండదని ఆ రంగంవాళ్లే బాధపడుతుంటారు. నాకు ఆ బాధ తెలుసు. అది స్టాఫు పెట్టే ముందే రాయిని జరపడం. అంకె అందంగా వస్తుంది, నీళ్లు మాత్రం పారవు.

బ్యాంకుల మాట వేరు. 2019 అక్టోబర్ 1 నుంచి కొత్త ఇంటి అప్పుల ఫ్లోటింగ్ వడ్డీని బ్యాంకు బయటున్న బెంచ్‌మార్కుకు ముడివేయాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఎక్కువ బ్యాంకులు రెపో రేటును పట్టుకున్నాయి. అది రెండు నెలలకోసారి మారే అవకాశం ఉన్న అంకె. మారే దాన్ని బెంచ్‌మార్కు అనడం మొదట నాకు మింగుడు పడలేదు. ఆలోచిస్తే, అక్కడ నిలకడ అంకెలో లేదు, అది అందరికీ ఒకటే కావడంలో ఉంది. ఏ బ్యాంకూ తన గదిలో కూర్చుని దాన్ని జరపలేదు. రాయి ఊరందరిదీ కావాలన్న నియమం ఆ మేరకు నిలిచింది.

నన్ను నిజంగా కలవరపెట్టేది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. అందులో బెంచ్‌మార్కు వైకల్యం అని ఒక మాట ఉంది. చట్టం గుర్తించిన వైకల్యం నలభై శాతానికి తగ్గకుండా ఉంటే ఆ మనిషి ఆ మాట కిందికి వస్తాడు. ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో రిజర్వేషన్లు అక్కడి నుంచే. మన దగ్గర సదరం సర్టిఫికెట్టులో ఆ శాతం అంకె కోసం మనుషులు పొద్దున్నే వచ్చి ఆస్పత్రి వరండాల్లో కూర్చుంటారు. ఎక్కడో ఒక చోట గీత గీయక తప్పదని నాకు తెలుసు, గీతలు గీయడమే నేను చేసిన ఉద్యోగం. కానీ కాలువలో పావు అడుగు తేడా వస్తే రెండు వైపుల నుంచీ కొలిచి రాయి తప్పా నడక తప్పా అని తేల్చే పద్ధతి మాకుంది. ముప్పై తొమ్మిది అని రాసిన కాగితం చేతిలో పట్టుకున్న మనిషికి కూడా తిరుగు దారి నడక ఉండాలి. అప్పీలు పెట్టుకోవచ్చని చట్టంలో ఉంది. ఊతకర్రతో బస్సెక్కి జిల్లా కేంద్రానికి మళ్లీ రాగలిగినవాళ్లకే అది అందుతోంది. లెవెల్ మిషనును కాలువ దగ్గరికి మేం మోసుకుపోయాం, కాలువ మా దగ్గరికి రాలేదు. ఆ పరీక్ష కూడా మనిషి దగ్గరికే పోవాలని గట్టిగా అనుకుంటాను.

మన పత్రికల్లో బెంచ్‌మార్కును గీటురాయి అని రాస్తుంటారు. మంచి మాటే, కానీ పని వేరు. గీటురాయి మీద బంగారం గీస్తే మేలిమి ఎంతో తేలుతుంది. అది తీర్పు చెప్పే రాయి. లెవెల్ రాయి తీర్పు చెప్పదు. నువ్వెక్కడున్నావో చెబుతుంది, నువ్వు కొలిచింది నిజమో కాదో చెబుతుంది. ఈ రోజుల్లో బడి మార్కులకూ, ఆస్పత్రికీ, ఉద్యోగికీ, ఊరికీ అన్నింటికీ గీటురాళ్లు పుట్టుకొచ్చాయి. ఎక్కడి నుంచి బయల్దేరామో గుర్తుంచే లెవెల్ రాళ్లు మాత్రం తగ్గిపోతున్నాయి.

తగ్గడమంటే మాటవరసకు కాదు, నిజంగానే తగ్గుతున్నాయి. బ్రిటన్‌లో ఒకప్పుడు అయిదు లక్షల దాకా బెంచ్‌మార్కులుండేవి. ఇప్పుడు వాటి ఆలనాపాలనా మానేశారు, ఉపగ్రహాలతో కొలుస్తున్నారు. మన దగ్గర రోడ్లు వెడల్పు చేసేటప్పుడు పాత కల్వర్టులతో పాటు పిట్టగోడల మీది రాళ్లూ కంకరలోకి పోతున్నాయి. జీపీఎస్ ఉండగా ఇంకా రాళ్లెందుకని కుర్ర ఇంజినీర్లు అడుగుతారు. వాళ్లను సముద్రం ఒడ్డుకు వెళ్లి జీపీఎస్ పరికరంలో ముడి అంకె చూడమంటాను. కోస్తాలో అలల పక్కన నిలబడినా అది సున్నాకు యాభై మీటర్లకు పైగా కింద ఉన్నట్టు చూపిస్తుంది. పరికరం చెడిపోలేదు. ఉపగ్రహం కొలిచేది భూమి ఆకారానికి మనం లెక్కల్లో కట్టుకున్న నున్నటి గోళం నుంచి. నీళ్లు పారేది భూమి ఆకర్షణను బట్టి. ఆ ఆకర్షణ అన్ని చోట్లా ఒకేలా లేదు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో సముద్రపు ఉపరితలం ఆ గోళం కంటే నూరు మీటర్లకు పైగా లోతున ఉంది, ప్రపంచంలో అంత పల్లం ఇంకెక్కడా లేదు. ఆ పల్లం అంచు మన తీరం దాకా పాకి ఉంది. గోళం అంకెను నీళ్లకు పనికొచ్చే అంకెగా మార్చాలంటే, ఎత్తు ముందే తెలిసిన చోట పరికరం పెట్టి తేడా తీసుకోవాలి. ఎత్తు తెలిసిన చోటంటే మళ్లీ ఆ పాత రాయే.

అందుకే కల్వర్టు పగలగొట్టే పని ఎక్కడ కనబడినా నేను ఆగి ఒకటే అడుగుతాను, బి.ఎం. రాయి ఉందా, ఉంటే దాని విలువను పక్కకు మార్చారా అని. మార్చడం ఒక పూట పని. పాత రాయి మీద స్టాఫు పెట్టి చదివి, రోడ్డు పనికి దూరంగా, బలమైన పునాది ఉన్న ఇంకో కట్టడం మీద గుర్తు చెక్కి, అటు నుంచి ఇటు ఒకసారి, ఇటు నుంచి అటు ఒకసారి లెవెల్ చూసి, రిజిస్టరులో రాసుకోవాలి. ఎస్టిమేటులోనే దానికి ఒక పద్దు పెడితే కాంట్రాక్టరు కూడా కాదనడు. అలా పెట్టిన కుర్ర ఇంజినీర్లు నాకు తెలుసు. వాళ్లలో ఒకమ్మాయి మొన్నీమధ్య ఫోన్ చేసి, క్లోజ్ చేస్తే మూడు మిల్లీమీటర్ల తేడాయే వచ్చింది సార్ అని చెప్పింది.